చెరసాల ఒక్కటే శిక్షా?

లింగంపల్లి స్టేషనులో తెల్లవారుజామున రైలు దిగేవారిలో మన పల్లెల పిల్లలు ఎంతోమంది. కొండాపూర్, గచ్చిబౌలి వైపు కట్టడాల పనికి, వాచ్‌మన్ పనికి, మోటారు సైకిలు మీద భోజనాలు అందించే పనికి పోతారు. ఏదో ఒక రాత్రి పోలీసు స్టేషను నుండి ఫోను వస్తుందని ఏ తల్లీ అనుకోదు. వచ్చినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే మాట తోస్తుంది: జైలు.

అయితే, ప్రతి తప్పుకూ జైలే మందు కాదని లోకం చాలాకాలం క్రిందటే గ్రహించింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. 1841లో ఒక త్రాగుబోతును జైలుకు పంపబోతుంటే, ఆయన కోర్టులో లేచి పూచీ నిలిచాడు. మూడు వారాలకు ఆ మనిషి శుభ్రంగా, నిబ్బరంగా తిరిగివచ్చాడు. జడ్జి నామమాత్రపు జుల్మానా, ఖర్చులతో సరిపెట్టాడు. అగస్టస్ తన జీవితకాలంలో దాదాపు 2,000 మందికి అలా పూచీ నిలిచాడు. నేటి ప్రొబేషను పద్ధతికి మొదలు అదే.

1974లో కెనడాలోని ఎల్మీరా ఊరిలో ఇద్దరు కుర్రవాళ్లు త్రాగి, ఒకే రాత్రి 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. మెనోనైటు సంఘస్థుడైన ఒక ప్రొబేషను అధికారి, వారిని నష్టపోయినవారి గడపకే తీసుకువెళ్దామని జడ్జికి సూచించాడు. (మహబూబ్‌నగర్ ప్రాంతపు పాఠకులకు మెనోనైటు పేరు కొత్త కాదు.) వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, నష్టమెంతో విని, సొమ్ము చెల్లించారు. నన్నడిగితే, జైలులో కూర్చోవడం కంటే ఇదే కష్టం. మోషే ధర్మశాస్త్రంలో కూడా గొఱ్ఱెను దొంగిలించినవాడు నాలుగు గొఱ్ఱెలు ఇచ్చుకోవాలి. చెరసాల ప్రస్తావన అక్కడ లేదు.

1990 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి టోక్యో నియమాల పేరుతో, జైలు లేని శిక్షలను వాడమని దేశాలన్నిటినీ కోరింది. మన దేశం అంతకు ముందే, 1958లో, నేరస్థుల ప్రొబేషను చట్టం చేసింది. హైదరాబాదు శివారు మౌలాలిలో గోడలు లేని వ్యవసాయ జైలు 1954లోనే మొదలైంది. చట్టాలున్నా, 2022 చివర దేశపు జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా తీర్పు కానివారే.

1958 చట్టం ప్రకారం, తగిన కేసుల్లో కోర్టు మందలించి వదలవచ్చు, లేదా మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు మీద విడువవచ్చు. 21 ఏళ్లలోపు వారిని జైలుకు పంపాలంటే, యావజ్జీవ శిక్ష పడగల నేరాలు తప్ప, జడ్జి కారణాలు వ్రాయాలి. బాధితునికి నష్టపరిహారం ఇప్పించే వీలు కూడా అందులోనే ఉంది. కాబట్టి ఇది నేరాన్ని తేలికచేయడం కాదు. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ఈ దయ చూపరాదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. పోయిన ప్రాణం వైపు నుండి చూస్తే అది న్యాయమే.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను ఒక శిక్షగా చేర్చింది. 5,000 రూపాయలకు లోపు విలువైన వస్తువు మొదటిసారి దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చినవానికి సమాజ సేవే శిక్ష. త్రాగి బహిరంగ స్థలంలో అల్లరి చేసినవానికి కూడా ఆ శిక్ష వేయవచ్చు. ఆ పనికి కూలి ఉండదు. ఎన్ని గంటలన్నది చట్టంలో లేదు, జడ్జి ఇష్టం. అదొక లోటే.

మన కుటుంబాలు తెలుసుకోవలసినది ఒకటుంది. జైలులో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసహాయం హక్కు. ఆదాయంతో పని లేదు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థ దగ్గర అడగండి. బాండు మీద విడువాలంటే ముద్దాయికి గాని, పూచీదారునికి గాని స్థిరమైన నివాసమో, క్రమమైన పనో ఉన్నదని కోర్టు నమ్మాలి. నగరంలో అద్దె గదిలో ఉండే పిల్లవానికి ఇక్కడే చిక్కు. ఊరి నుండి ఒక పెద్దమనిషి ఇంటి పన్ను రసీదు, ఆధార్ కార్డు పట్టుకొని వాయిదా రోజున కోర్టులో నిలబడితే, వకీలుకు వాదించడానికి ఆధారం దొరుకుతుంది.