పుదుచ్చేరిలోని గోల్కొండ

గోల్కొండ యనగానే మనకు హైదరాబాదు చెంతనున్న రాతికోటయు, కుతుబ్‌షాహీ సుల్తానులును, లోకప్రసిద్ధములైన వజ్రములును జ్ఞప్తికి వచ్చును. నేనిప్పుడు చెప్పబోవునది ఆ గోల్కొండను గూర్చి కాదు. దానికి దక్షిణమున బహుదూరములో, పుదుచ్చేరి పట్టణమున, అదే పేరుగల మేడ యొకటి కలదు. ఫ్రెంచివారి పలుకుబడి ననుసరించి దానిని ‘గోల్కొండ్’ అని పిలుతురు. శ్రీ అరవిందాశ్రమమున నివసించు సాధకుల వసతికై దానిని కట్టిరి. 1937వ సంవత్సరమున పని యారంభమైనది.

ఆ పేరు దానికెట్లు వచ్చెనో తెలిసికొనుట మనకు వేడుకయే. అప్పుడు నిజాము ప్రభుత్వమున ప్రధానమంత్రిగా నుండిన సర్ అక్బర్ హైదరీ గారికి అరవిందుల యెడల గౌరవమెక్కువ. ఈ కట్టడమునకై నిజాము ప్రభుత్వము పక్షమున లక్షరూపాయల విరాళమును ఆయన యిప్పించినారు. ఆ కృతజ్ఞతకు గుర్తుగా ఆశ్రమమును నడపుచుండిన శ్రీమాత ఈ మేడకు గోల్కొండ పేరు పెట్టినది. వజ్రములు నిజమునకు గోల్కొండలో దొరకలేదు. కృష్ణాతీరమున కొల్లూరు మున్నగు చోట్ల త్రవ్వితీసినవి గోల్కొండ బజారులో అమ్ముడుపోయినవి. అయినను పేరు మాత్రము బజారుకే దక్కినది.

ఎక్కడనో యున్న ఆశ్రమపు వసతిగృహముతో మనకేమి పని యని శ్రోతలు కొందరు తలపవచ్చును. పని కలదు. మన పట్టణములలో నేడు లేచుచున్న యిండ్లన్నియు కాంక్రీటు ఇండ్లే. పెంకుటిండ్లు, మండువ లోగిళ్ళు పడిపోవుచున్నవి. కొత్త యింటిపై శ్లాబు పగలంతయు ఎండను త్రాగి, రాత్రియంతయు ఆ వేడిని క్రిందనున్నవారి మీద క్రుమ్మరించును. నేను కాపురమున్న యిల్లును అట్టిదే. వేసవిలో రాత్రి తొమ్మిది గంటలకు పడమటి గోడ మీద చేయి ఆనించినచో చురుక్కుమనును. కలవారు యంత్రము బిగించుకొని గదిని చల్లబరచుకొందురు. ఆ యంత్రము లోపలి వేడిని వీథిలోనికి త్రోయును గనుక, యంత్రము లేని పొరుగువానికి ఉక్క మరికొంత పెరుగును. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా ప్రాణములు విడిచిరి. ఎండలో పనిచేయువారే వారిలో పెక్కురు. కాని పగలు ఎండలో మాడిన దేహమునకు రాత్రియైనను చల్లని తావు దొరకనప్పుడు ప్రమాదము హెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. కాబట్టి ఇల్లు చల్లగా నుండుట భోగమునకు సంబంధించిన మాట కాదు. కాంక్రీటుతో కట్టినంత మాత్రమున ఇల్లు కొలిమి కానక్కరలేదని యెనుబదియేండ్ల క్రిందటనే కట్టి చూపిన మేడ గనుక, గోల్కొండను మీకు పరిచయము చేయదలచితిని.

దీనిని రూపొందించిన వాస్తుశిల్పి పేరు ఆంటొనిన్ రేమండ్. ఆయన 1888లో బొహీమియాలో పుట్టి, 1910లో అమెరికా చేరి, ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను గొప్ప శిల్పి వద్ద పనిచేసి, టోక్యోలో ఇంపీరియల్ హోటలు కట్టుటకై ఆయన వెంట జపాను వెళ్ళి, అచ్చటనే స్థిరపడినవాడు. ఆశ్రమవాసియైన యొక ఫ్రెంచి ఇంజనీరుకు జపానులో ఆయనతో పరిచయ ముండెను. ఆ పరిచయమే రేమండును పుదుచ్చేరికి రప్పించినది. ఆయనతో పనిచేసిన యువకు లిద్దరు: ఒకడు ఫ్రాంటిషెక్ సామర్ అను చెక్ దేశీయుడు, రెండవవాడు జార్జి నకషిమ అను జపానీ సంతతికి చెందిన అమెరికను. ఇట్లు బొహీమియా, అమెరికా, జపాను, ఫ్రాన్సు దేశముల విద్య యంతయు నొక తమిళపు రేవుపట్టణమున, హైదరాబాదు ధనముతో, ఒక్క యింటిలో చేరినది.

ఇక ఆ యిల్లు పనిచేయు విధము. పుదుచ్చేరి భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 12 డిగ్రీల దూరమున నున్నది. అట్టి చోట నడిమధ్యాహ్నపు సూర్యుడు ఏప్రిల్ మూడవ వారము మొదలు ఆగస్టు మూడవ వారము వరకు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. తక్కిన కాలమున దక్షిణముగా నుండును. డిసెంబరులో సయితము మధ్యాహ్నపు టెత్తు 54 డిగ్రీలకు తగ్గదు. దీనివలన తేలున దేమనగా, ఉత్తరపు గోడకును దక్షిణపు గోడకును మధ్యాహ్నమున తగులు ఎండ పైనుండి వచ్చునది. చిన్న చూరు చాలును, నీడ పడును. తూర్పు పడమర గోడల సంగతి అట్లు కాదు. ఉదయ సాయంకాలములందు సూర్యుడు క్రిందికి వాలి, చూరు క్రిందుగా దూరి, తిన్నగా గోడకు కొట్టును. దానిని ఏ చూరును ఆపజాలదు. అందుచేత రేమండు ఇంటిని తూర్పు పడమరలుగా పొడవుచేసి, పొడుగాటి ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పి, తూర్పు పడమరల వైపున ఇరుకైన కొసలు మాత్రమే యుండునట్లు చేసినాడు. ఇంచుమించు ఏబది గదులును దక్షిణపు వరుసలో నున్నవి. ఉత్తరపు వైపున నడవ సాగును. ఇంటికి రెండు వైపులను తోటలు.

ఉత్తర దక్షిణములందు గోడయే లేదు. ఇది దీనిలోని ముఖ్యమైన విశేషము. నేలనుండి కప్పువరకు, ఈ కొసనుండి ఆ కొసవరకు, అడ్డముగా అమర్చిన సిమెంటు పలకల వరుసలే గోడగా నిలిచినవి. ఆ పలకలు ఇరుసుల మీద తిరుగును. ఒక్క పిడి త్రిప్పినచో ఒక వరుసలోని పలక లన్నియు కలసి తెరచుకొనును, వాలును, మూసికొనును. అడ్డముగా నిలిపిన గాలి సూటిగా లోనికి వచ్చును. వాల్చిన యెండయు వానయు వెలుపలనే యాగి, గాలియు మెత్తని వెలుతురును మాత్రము చొరును. గాజు పలక యొక్కటియు లేదు. గాజు వెలుగును రానిచ్చి వేడిని లోపల బంధించునది. మన నగరములలో గాజుతో కప్పిన పెద్ద పెద్ద కచేరీలను చూచినప్పుడెల్ల, ఉష్ణదేశమున ఈ వేషము మన కేల యని నాకు తోచుచుండును.

గాలి కింతటి ప్రాధాన్యమేలనో కొంత విప్పి చెప్పవలెను. సముద్రతీరపు వేడి, మెట్ట సీమల వేడి ఒక్క తీరువి కావు. అనంతపురమున, పాలమూరున ఎండ యెంత తీవ్రమైనను గాలి పొడిగా నుండును, రాత్రి చల్లబడును. అచ్చట దళసరి మట్టిగోడలు పగటి వేడిని ఆలస్యముగా లోనికి పంపి మేలుచేయును. తీరమున తేమ యెక్కువ, రాత్రియు ఉక్కయే. దేహమున పట్టిన చెమట ఆరవలెనన్న గాలి కదలవలెను. అందుచే బందరు, కాకినాడ, పుదుచ్చేరి వంటి చోట్ల ఇంటికి కావలసినది దళసరి గోడ కాదు, నీడయు గాలియును. మన తీరపు పల్లెలలో తాటాకు చూరును క్రిందికి దింపి, వసారాకు తడికలు కట్టుకొన్నవారు ఈ సంగతి నెరిగినవారే. రేమండు చేసినది ఆ తడికకు కాంక్రీటు యుగమున క్రొత్తరూపు కల్పించుట.

గదుల తలుపుల విషయమునను ఇదే యాలోచన సాగినది. నడవకును గదికిని నడుమ టేకు పట్టీలతో చేసిన జరుగు తలుపులున్నవి. పట్టీలను ఒక దాని సందునకు మరియొకటి అడ్డు వచ్చునట్లు ముందు వెనుకలుగా బిగించుటచే, తలుపు మూసియున్నను గాలి దక్షిణపు పలకలనుండి ఉత్తరపు పలకలవరకు నిరాటంకముగా పోవును; నడవలో నడచువారికి గదిలోనివారు కనబడరు. జపాను ఇండ్లలోని జరుగు తలుపులను ఎరిగినవారికి ఇందలి పోలిక తెలియును.

పైకప్పు రెండు వరుసలుగా నున్నది. అడుగున శ్లాబు, దానిపై, కొంత యెడము విడిచి, ముందుగా పోతపోసి తెచ్చిన పలుచని వంపు కాంక్రీటు పెంకులు. ఎండ పై పెంకులకు తగులును. నడుమ సందున దూరిన గాలి ఆ వేడిని కొనిపోవును. శ్లాబు నీడలో నుండును. ఎండలో నడచువానికి టోపీకంటె గొడుగెట్లు మేలో, ఇదియు నట్లే.

గోడలకు ఆలిచిప్పల పొడి కలిపిన తెల్లని గచ్చు పూసి మెరుగుపెట్టిరి. నేలపై పరచినవి మన కడప బండలే. నల్లని బండ, తెల్లని గోడ, టేకు మంచము, బల్ల, కుర్చీ; గదిలో ఇంతకు మించి ఏమియు లేదు. ఈ వస్తువులను రూపొందించినవాడు నకషిమ.

పని జరిగిన తీరు గూడ చెప్పదగినది. ఆశ్రమవాసులే, అంతకుముందు కాంక్రీటు నెరుగనివారు, కూలివాండ్రతో పాటు పనిలో చేరిరి. తొందర యన్నది లేదు. యుద్ధము వచ్చి సామానులు దొరకుట కష్టమైనది. పని 1940వ దశకపు నడిమివరకు సాగినది. కాంక్రీటు పోయుటకు ముందు చెక్కమూసలను అంత శ్రద్ధతో కుదిర్చిరి గనుక పైపూత లేకుండ వదలిన కాంక్రీటు నేటికిని చక్కగా నిలిచియున్నది. మన యూళ్ళలో శ్లాబు వేయుదినము పండుగవలె జరుగును గాని, సెంట్రింగు చెక్కల సందులను కన్నుపెట్టి చూచువాడు అరుదు. పదియేండ్లకే ఇనుము త్రుప్పుపట్టి పెచ్చు లూడుట మనకు క్రొత్త కాదు.

పని ముగియకమునుపే శిల్పులు చెదరిపోయిరి. నకషిమ 1939లో పుదుచ్చేరి విడిచి అమెరికా చేరినాడు. 1942లో, జపానీ రక్తము గలవాడన్న ఒక్క కారణముచే, అమెరికా ప్రభుత్వము ఆయనను భార్యతోను పసిబిడ్డతోను కూడ ఐడహో రాష్ట్రమందలి నిర్బంధశిబిరమున నుంచినది. అచ్చట ఒక జపానీ వడ్రంగి వద్ద ఆయన చేతిపని నేర్చుకొనెను. 1943లో రేమండే పూచీపడి ఆయనను విడిపించి పెన్సిల్వేనియాలోని తన పొలమునకు రప్పించినాడు. తరువాత నకషిమ వాస్తువిద్యను వదలి, 1990లో మరణించువరకు చెక్కపనిలోనే కీర్తి గడించినాడు.

గోల్కొండను అచ్చముగా అనుకరింపుడని నేను చెప్పను. ఆ పలకలు ఆస్బెస్టాసు కలిపిన సిమెంటువి. ఆ కాలమున దాని కీడు జనులకు తెలియదు. అది విరిగినపుడును కోసినపుడును లేచు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు తెలిసియున్నది; అట్టి పనిని నేడు చెక్కతోనో, అల్యూమినియముతోనో, కాల్చిన మట్టితోనో చేయవలెను. తెరచియున్న ఇంటిలోనికి గాలితోపాటు వీథి ధూళియు రొదయు వచ్చును, దోమతెర తప్పదు. లారీలు తిరుగు రోడ్డు ప్రక్కన ఇది సాగదు. రెండు వైపుల తోటలకు స్థలము కావలెను. మన అపార్టుమెంట్లలో పొరుగుగోడ చేయిచాచినంత దూరముననే యుండును. మెట్ట సీమలవారు దీనిని యథాతథముగా కట్టుకొన్నచో మే నెల మధ్యాహ్నమున వడగాలిని ఇంటిలోనికి పిలిచినవా రగుదురు.

అయినను పేదవాడు సయితము గ్రహింపదగినవి కొన్ని కలవు. నివేశనస్థలము అనుకూలించినంతవరకు పొడుగు గోడలను ఉత్తర దక్షిణములకు పెట్టుట. పడమటి గోడకు పడకగది గాక మెట్లో, స్నానపుగదియో, సామానుగదియో ఆనించుట. గాలి వచ్చుటకు ఒక కిటికీ, పోవుటకు ఎదుట మరియొకటి యుంచుట. శ్లాబు మీద రెండవ నీడ కల్పించుట. ఈ చివరిదానికి తాటాకు పందిరియు చాలును, పాదులు ప్రాకించిన తడికయు చాలును. ఏదియు కుదరనిచో తెల్లసున్నమైనను పూయవచ్చును. తెల్లని తలము ఎండలో చాలభాగమును త్రిప్పి పంపివేయును. 2023లో తెలంగాణా ప్రభుత్వము చల్లని పైకప్పులను గూర్చి యొక విధానమును ప్రకటించినదియు ఈ సూత్రము మీదనే.

పుదుచ్చేరి వెళ్ళినవారు ఈ మేడను చూడగోరినచో ముందుగా ఆశ్రమమువారి యనుమతి పొందవలెను. లోపల మనుష్యులు నివసించుచున్నారు. అది ప్రదర్శనశాల కాదు. అనుమతి దొరకనివారు వీథిలో నిలిచి, పై యంతస్తుల వంక కొంతసేపు చూచినను చాలును. ఒక వరుస పలకలు పూర్తిగా తెరచియుండును, దాని ప్రక్కది సగము వాలియుండును, మరియొకటి మూసియుండును; ఏ గదిలోనివారు ఆ వేళ గాలిని కోరిరో, ఎవరు నిదురించుచున్నారో వెలుపలనుండియే ఊహింపవచ్చును.