వార్తల్లో పదం: ఫ్రాస్ట్ వార్నింగ్

చలి దేశాల్లో శీతకాలం మొదలవగానే కారు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న మంచురేకు గుర్తు వెలిగి, టింగుమని మోగుతుంది. అదే ఫ్రాస్ట్ వార్నింగ్. బయటి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగగానే కొన్ని కార్లు, 3కు దిగాక మరికొన్ని హెచ్చరిస్తాయి. నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కదా, ఇంత ముందే ఎందుకు?

కారుకు తెలిసేది గాలి సంగతే. సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ దగ్గరో, పక్క అద్దం కిందో ఉంటుంది. రోడ్డు వేడిని అది కొలవదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి 3 డిగ్రీలున్నా తారు సున్నా కిందికి పోవచ్చు. వంతెనలైతే మరీను! వాటికి కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా చలిగాలే. పైగా ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ వేడి తగిలి సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. పొడిరోడ్డు మీదా ఈ గుర్తు వెలుగుతుంది కాబట్టి చాలామంది పట్టించుకోవడం మానేస్తారు. అసలు చిక్కు అక్కడే.

రోడ్డు మీద మంచు ముప్పు చలి దేశాలకే పరిమితం కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్ పక్కనే ఫోర్ట్‌వర్త్ ఉంది. వేడి రాష్ట్రంగా పేరున్న టెక్సస్‌లోని ఆ ఊళ్లో 2021 ఫిబ్రవరి 11 ఉదయం మంచు పట్టిన ఎక్స్‌ప్రెస్ లేన్లలో 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు.

టైర్లు నిజంగా పట్టు తప్పినప్పుడు మిణుకుమిణుకుమనేది ఈ మంచురేకు గుర్తు కాదు. దానికి వేరే లైటుంది: కారు బొమ్మ, దాని వెనక వంకర గీతలు.