కన్ను మానెడి వారము

శుక్లము తీయించుకొని కోనసీమలోని మామిడికుదురుకు తిరిగి వచ్చిన ఒక వృద్ధురాలిని తలచుకొందము. శస్త్రచికిత్స అరగంటలోపుననే ముగిసినది. నొప్పి లేదు. మరునాడు కట్టు విప్పగనే కొబ్బరిచెట్ల నడుమ ఆకాశము ఎన్నడును లేనంత నీలముగా కనబడినది. ఇంత బాగుగా కనబడుచుండగా వారము రోజులు ఊరక కూర్చుండుట ఆమెకు కష్టము. పొయ్యి ముట్టింపవలెననియు, కాలువలో తలస్నానము చేయవలెననియు తోచును. వైద్యులు చెప్పిన నిషేధములు చాదస్తముగా కనబడును. కాని ఆ వారము రోజులలో కంటి లోపల చాల పని జరుగవలసియున్నది. ఆ పని ఏమో తెలిసినచో, ఏ నిషేధము అవసరమో, ఏది వట్టి నమ్మకమో మనమే తేల్చుకొనవచ్చును.

శుక్లమనగా నేమి?

కంటిపాప వెనుక కటకము కలదు. దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు నీరు. తక్కినది ముఖ్యముగా మాంసకృత్తులు. వయస్సు ముదిరిన కొలది ఈ మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవేసికొని, కాంతిని చెదరగొట్టును. కోడిగ్రుడ్డులోని సొన పచ్చిగా నున్నపుడు పారదర్శకముగా నుండి, ఉడికిన పిమ్మట తెల్లబడుట మీరెరుగుదురు. కటకమునకును అట్టి మార్పే మెల్లమెల్లగా కలుగును. అదే శుక్లము. ముదిరిన కటకము పసుపువన్నెకు తిరిగి నీలికాంతిని అడ్డగించును. అందుచేతనే దానిని తీసివేసిన మరునాడు ఆకాశము క్రొత్తగా కనబడును. మన దేశమున 50 ఏండ్లు దాటిన వారిలోని అంధత్వమునకు మూడింట రెండు వంతులవరకు శుక్లమే కారణమని 2015–19 నాటి జాతీయ సర్వేలో తేలినది.

కుట్టులేని గాటు

నేడు కార్నియా అంచున, అనగా కంటి ముందరి పారదర్శక పొర అంచున, 2 లేక 3 మిల్లీమీటర్ల గాటు పెట్టి, అతిధ్వని కంపనములతో కటకమును ముక్కలు చేసి పీల్చివేయుదురు. ఈ పద్ధతిని 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ ప్రవేశపెట్టెను. 6, 7 మిల్లీమీటర్ల గాటుతో చేయు మరియొక పద్ధతియు మన ఆసుపత్రులలో విరివిగా నున్నది. కటకపు పలుచని సంచిని మాత్రము అట్లే ఉంచి, దానిలో కృత్రిమ కటకమును అమర్చుదురు. రెండు పద్ధతులలోను సాధారణముగా కుట్లు ఉండవు.

మరి గాటు ఎట్లు మూసికొనును? దానిని ఏటవాలుగా, సొరంగమువలె చేయుదురు. కంటిలోని ద్రవము 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడితో నుండును. గోదావరి కాలువలపై లాకు తలుపులను ఎగువ నీటి ఒత్తిడి బిగించి ఉంచునట్లే, ఈ ద్రవము గాటు లోపలి పెదవిని పై పెదవికి అదిమి ఉంచును. ఒకటి రెండు రోజులలో పైపొర కణములు గాటుపైకి ప్రాకి దానిని కప్పివేయును. లోపలి భాగము గట్టిపడుటకు మాత్రము వారములు పట్టును. కార్నియాలో రక్తనాళములు లేవు. దానికి కావలసిన ప్రాణవాయువు గాలినుండి, ఆహారము ముఖ్యముగా లోపలి ద్రవమునుండి లభించును. పారదర్శకత కొరకు ప్రకృతి చేసిన ఈ ఏర్పాటువలన, గాయము మానుట చర్మముపై కంటె ఆలస్యమగును.

నిషేధములకు కారణములు

కన్ను నులిమినచో లాకు తలుపులు కదలును. ఒత్తిడి మారిన ఆ క్షణమున వెలుపలి తడి, దానితోపాటు సూక్ష్మజీవులు, లోనికి పోగలవు. నిద్రలో చేయి తెలియకనే కంటిపైకి పోవును గనుక రాత్రివేళ ప్లాస్టిక్ డిప్ప కట్టుదురు. తల నేలవైపు వంచినను, బిందె ఎత్తినను, ముక్కినను సిరలలో ఒత్తిడి పెరిగి కంటికి సోకును. కావున నీళ్లు మోయుట, కొబ్బరికాయలు ఒలుచుట మానవలెను. కాలువనీరు, చెరువునీరు కంటికి తగులరాదు. వైద్యులు అనుమతించువరకు తలస్నానము మాని, ముఖమును తడిగుడ్డతో తుడుచుకొనవలెను. కొబ్బరి డొక్కల పొగ కంటిని మండించి నులుముకొనజేయును.

కందిపప్పు, వంకాయ తినిన చీము పట్టునని మన ఇండ్లలో పథ్యము పెట్టుదురు. దీనికి ఆధారము లేదు. చీము సూక్ష్మజీవులవలన కలుగును గాని పప్పువలన కాదు. పైగా కూరలు, పండ్లు మానినచో మలబద్ధకమై ముక్కవలసివచ్చును. మధుమేహమున్నవారు మాత్రము తమ పథ్యమును తప్పరాదు. చదువుట, టెలివిజను చూచుట గాయమునకు హాని చేయవు. కన్ను అలసినపుడు ఆపిన చాలును. చనుబాలు, ఆముదము, తేనె కంటిలో వేయుట ప్రమాదకరము.

చుక్కమందు వేయు విధము

చేతులు సబ్బుతో కడుగుకొని, క్రింది రెప్పను మెల్లగా లాగి, సీసా మొన తగులనీయక ఒక చుక్క వేయవలెను. రెండవ చుక్క వ్యర్థము. రెప్పల నడుమ ఒక చుక్కకు మించి నిలువదు. రెండు మందులున్నచో నడుమ అయిదు నిమిషములు ఆగవలెను. కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కొలికిని మెల్లగా నొక్కినచో మందు ముక్కులోనికి జారదు. మందు వేసిన కొంతసేపటికి గొంతు చేదగుట ఈ దారివలననే. వాపు తగ్గించు స్టిరాయిడు మందును వైద్యులు చెప్పక ముందే ఆపరాదు. చెప్పిన గడువు దాటి వేసినచో కొందరికి కంటి ఒత్తిడి పెరుగును.

నాటి విశ్రాంతి, నేటి విశ్రాంతి

సుశ్రుతుని కాలమున శుక్లమును సూదితో ప్రక్కకు నెట్టెడివారు. అనంతరము రోగి వెల్లకిల పరుండవలెననియు, దగ్గు, తుమ్ము, త్రేన్పు, ఉమ్మి నిగ్రహించుకొనవలెననియు సుశ్రుతసంహితలో కలదు. ఒత్తిడిని కొలుచు సాధనము లేకున్నను, దాని ఫలితమును వారు గమనించిరి. ఇరువదవ శతాబ్దమున చాలకాలము గాటు పెద్దదిగా నుండుటచే, రోగిని తలకు ఇరువైపుల ఇసుకసంచులుంచి దినములతరబడి కదలకుండ పరుండబెట్టెడివారు. కటకము లేని లోటు తీర్చుటకు సోడాబుడ్డి కళ్లద్దములు వచ్చెను. 1949 నవంబరు 29న లండనులో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారిగా కృత్రిమ కటకమును కంటిలో అమర్చెను. గాటు చిన్నదగుటచే విశ్రాంతియు తగ్గినది. అయినను పూర్తిగా తొలగలేదు. సంచి ముడుచుకొని కటకమును పట్టుకొనుటకు సమయము పట్టును గనుక, అద్దముల నంబరును ఇంచుమించు నెలా పదిహేను దినముల పిమ్మట నిర్ణయించుదురు.

ఆలస్యము చేయరాని గుర్తులు

మొదటి దినములలో కొద్దిపాటి గరగర, నీరుకారుట సహజము. అవి దినదినమునకు తగ్గవలెను. నొప్పి పెరిగినను, ఎరుపు హెచ్చినను, బాగుగానున్న చూపు మసకబారినను, కంటి లోపల చీము పట్టుచున్నదేమోనని అనుమానింపవలెను. ఇది అరుదైనను, వచ్చినపుడు చాలవరకు మొదటి వారములోనే వచ్చును. కొలది గంటల జాప్యమునకే చూపు పోవచ్చును. తెల్లవారనిమ్మని ఆగక, రాత్రియైనను శస్త్రచికిత్స చేసిన వైద్యులకు తెలిపి బయలుదేరవలెను.

ఈ మార్పును రోగికంటె ఇంటివారే ముందు గుర్తింపగలరు. ఇంటిలోని విద్యార్థి ఒక కాగితముపై మందుల వేళలు వ్రాసి గోడకు అంటించి, వేసిన ప్రతిసారి గీత పెట్టవచ్చును. ప్రతి ఉదయము ఆపరేషనైన కంటితో మాత్రమే గోడపై పంచాంగములోని అంకెలను, ఒకే దూరమునుండి చదివించి, నిన్నటికంటె మెరుగో తరుగో వ్రాసియుంచవచ్చును. తరుగు కనబడిన ఉదయమున ఆ కాగితమును వెంటగొని ఆసుపత్రికి పోవలెను.