చుండ్రుకు సంప్రదాయ మూలికా చికిత్సలు: శాస్త్రీయ ఆధారాల పరిశీలన

ఉపోద్ఘాతం:

తలచర్మం పొట్టుగా రాలడం, దురద పుట్టడం చుండ్రు ప్రధాన లక్షణాలు. సుశ్రుత సంహిత క్షుద్రరోగాలలో చేర్చిన ‘దారుణకం’ దీనికి దగ్గరగా ఉంటుంది. తలచర్మం గరుకై, పొడిబారి, దురదతో పగలడాన్ని ఆ గ్రంథం కఫవాత ప్రకోపంగా వివరించింది. తెలుగువారి ఇళ్లలో ఇందుకు వేపాకు, నానబెట్టి నూరిన మెంతులు, కుంకుడురసం, కొబ్బరినూనె వాడుకలో ఉన్నాయి. వీటికున్న ఆధారాల స్థాయి ఒక్కటి కాదు.

వ్యాధి కారణం:

తలచర్మంలోని జిడ్డు, దానిపై జీవించే మలసేజియా శిలీంధ్రం, వ్యక్తి చర్మానికున్న సున్నితత్వం కలిసి చుండ్రుకు దారితీస్తాయి. ఈ శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను స్వయంగా తయారుచేసుకోలేదు. జిడ్డును లైపేజ్ ఎంజైములతో విడగొట్టి సంతృప్త ఆమ్లాలను వాడుకుంటుంది; ఒలియిక్ ఆమ్లం వంటి అసంతృప్త ఆమ్లాలను మిగులుస్తుంది. అవి సున్నితమైన చర్మంలోకి చేరి పొట్టు రాలేటట్లు చేస్తాయి.

ఆధారాల పరిశీలన:

కుంకుడులోని సపోనిన్లు జిడ్డును కడిగివేస్తాయి కనుక దాని వాడకానికి హేతువు స్పష్టం. వేప, మెంతులకు లభిస్తున్న ఆధారం ప్రధానంగా ప్రయోగశాలకు చెందినది. గాజుపాత్రలో శిలీంధ్రాన్ని నిరోధించిన సారం, కాసేపటికి కడిగేసే తలపూతలోనూ అదే ఫలితమిస్తుందని చెప్పడానికి వీలులేదు.

మనుషులపై పరీక్షకు టీట్రీ నూనె మంచి ఉదాహరణ. 2002లో ప్రచురితమైన పరీక్షలో 126 మంది నాలుగు వారాలు పాల్గొన్నారు. 5 శాతం టీట్రీ నూనె గల షాంపూ వాడినవారిలో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది. ఆ నూనె లేని షాంపూతోనూ 11 శాతం తగ్గింది. పోల్చి చూసే రెండో వర్గమే లేకపోతే ఈ మొత్తం మేలును మూలికకే ఆపాదించేవారు.

కొవ్వుపై బతికే శిలీంధ్రానికి తలనూనె ఆహారమవుతుందన్న సందేహం సహజం. అయితే నూనెలన్నీ ఒక్కటి కావు. నువ్వులనూనెలో ఒలియిక్ ఆమ్లం సుమారు 40 శాతం. కొబ్బరినూనెలో 10 శాతం లోపే. కొబ్బరినూనె వాడకంతో తలపై ఆరోగ్యకర సూక్ష్మజీవులు పెరిగాయని 140 మంది భారతీయ స్త్రీలపై జరిగి 2021లో ప్రచురితమైన అధ్యయనం సూచించింది. సూక్ష్మజీవులలో మార్పు ఒక సూచిక మాత్రమే. దానినే చికిత్సా నిరూపణగా భావించరాదు.

ముగింపు:

‘వేప చుండ్రుకు మంచిది’ అన్న వాక్యం పరీక్షకు నిలవదు. మొక్కలో ఏ భాగం, ఎలా తయారుచేసి, ఎంతసేపు తలపై ఉంచుతారో తెలియాలి. జానపద వైద్యాన్ని సేకరించే పరిశోధకులు ఈ వివరాలను నమోదు చేస్తేనే తదుపరి పరీక్ష సాధ్యం. పిల్లల తలపై పొట్టుతోపాటు జుట్టు మచ్చలుగా ఊడితే అది తామర కావచ్చు. దానికి నోటిద్వారా వాడే మందు అవసరం. అక్కడ తలపూతలతో కాలయాపన హానికరం.