పాత పాటకు తగిన యంత్రము

పాత ఇండ్ల అటకలపై వెదకినచో నేటికిని కొన్ని గ్రామఫోను ప్లేట్లు కనబడును. ఒకదానిలో పద్యనాటకము, మరియొకదానిలో కీర్తన ఉండును. కొన్నింటికి ఇంకొక ప్రతి ఎచ్చటను దొరకకపోవచ్చును. వానిని కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచదలచినవారు ముందుగా తేల్చుకొనవలసినది ఏ యంత్రముపై వాయింపవలె నన్నదే.

మొదట ప్లేటు జాతిని గుర్తింపవలెను. నిమిషమునకు 78 మారులు తిరుగు ప్లేటు లక్కతో చేసినది. దాని గాడి వెడల్పు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వెలువరించిన 33⅓ వేగపు ప్లేటు వినైలుతో చేసినది. దాని గాడి సన్నము. మొదటిదానికి కొన వ్యాసార్ధము సుమారు 75 మైక్రానులుండు ముల్లు, రెండవదానికి సుమారు 18 మైక్రానుల ముల్లు వలయును. సన్నని ముల్లు వెడల్పు గాడిలో అడుగుకు జారి బరబరమనును. లావు ముల్లు సన్నని గాడిలో దిగక దాని గోడలను చెరచును. ఆ గాయము ఇక మానదు.

పాత యంత్రములన్నియు 78 వేగమున తిరుగవు. 1957లో వచ్చిన స్విస్ యంత్రము థోరెన్స్ టి.డి.124కు ఆ వేగము కలదు. 1972 నాటి జపాను యంత్రము టెక్నిక్స్ ఎస్.ఎల్.1200కు లేదు. కొనుటకు ముందు పళ్లెమును వ్రేలితో త్రిప్పి చూడుడు: ఊగులాడకుండ, చప్పుడు చేయకుండ తిరుగవలెను. రబ్బరు చక్రముతో నడచు యంత్రములో ఆ చక్రము గట్టిపడినచో గురగుర ధ్వని పాటలో కలియును. ముల్లు భారమును సవరించు ఏర్పాటును ఉండవలెను, వినైలుకు 1.5 నుండి 3 గ్రాములు సాధారణముగా చాలును.

వేగమును పరీక్షించుట బడిపిల్లలకు మంచి లెక్క. 180 గీతలు గల వలయమును తిరుగుచున్న పళ్లెముపై ఉంచి, 50 సైకిళ్ల విద్యుత్తుతో వెలుగు పాతకాలపు దీపము క్రింద చూడవలెను. ఆ వెలుగు సెకనుకు 100 మారులు, నిమిషమునకు 6000 మారులు మినుకుమనును. 6000ను 180చే భాగించిన 33⅓ వచ్చును. వేగము సరియైనచో గీతలు కదలక నిలిచినట్లు తోచును. నూటికి ఆరు పాళ్లు హెచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. గాయకుని గొంతు అతనిది కాకుండ పోవును.

మరియొక హెచ్చరిక: లక్కప్లేటును స్పిరిటుతో తుడువరాదు; లక్క అందులో కరగిపోవును.

ఎక్కించిన మొదటి ప్రతిని ఏ సవరణయు లేక అట్లే దాచవలెను. చిటపటలను తీసివేయు నేర్పు రేపు ఇంకను పెరుగవచ్చును. అరిగిన గాడి మాత్రము తిరిగి రాదు.