గుడిసె ఉంది, గూడు లేదు
సల్వాజుడుం తరిమిన బస్తర్ ఆదివాసులకు ఇరవై ఏళ్లయినా స్థిరనివాసం లేదు. వారికి కావలసింది పైకప్పు ఒక్కటే కాదు

ఇల్లు కట్టుకోవడం గొత్తికోయలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వెదురు తడికెలు అల్లి, మట్టి మెత్తి, పైన గడ్డి కప్పితే కొద్ది రోజుల్లో గుడిసె సిద్ధం. దాన్ని నిలబెట్టుకోవడమే వారి చేతిలో లేదు. బస్తర్‌లో కాల్చేసినవారు కొందరైతే, గోదావరి మన్యంలో కూల్చేసినవారు మరికొందరు.

ఈ వలసకు మూలం 2005 జూన్‌లో ఉంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ సారథ్యంలో, నాటి బీజేపీ ప్రభుత్వం అండతో సల్వాజుడుం మొదలైంది. దంతెవాడ జిల్లాలో వందలాది పల్లెలు ఖాళీ అయ్యాయి. దాదాపు 50 వేల మందిని దోర్నాపాల్, ఎర్రబోరు వంటి రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. అక్కడా రక్షణ లేదు. 2006 జులైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరంపై దాడి చేసి 30 మందికి పైగా చంపేశారు. అటు జుడుం, ఇటు దళం. రెండింటి మధ్య నలిగినవారు శబరి దాటి ఖమ్మం, వరంగల్ అడవులకు వచ్చేశారు. 2008 నాటికి వీరి సంఖ్య 30 వేల నుంచి 50 వేలని స్వచ్ఛంద సంస్థలు అంచనా వేశాయి.

ఆదివాసులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం తీర్పునిచ్చింది. జుడుం ముగిసింది కానీ నిర్వాసితుల కథ ముగియలేదు.

కాగితాల చిక్కు
కోయ తెగ ఇక్కడి ఎస్టీ జాబితాలోనూ ఉంది. కానీ వలస వచ్చినవారికి ఆ హోదా వెంట రాదు. ఎస్టీ గుర్తింపు రాష్ట్రానికే పరిమితమని 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కులపత్రం లేకపోతే ఎస్టీల పథకాలకు దారి మూసుకుపోయినట్టే. కొందరికి ఆధార్, రేషన్ కార్డులు వచ్చాయి. కానీ వారి గూడేలు రిజర్వు అడవిలో ఉన్నాయి. అక్కడ రోడ్డు వేయాలన్నా, కరెంటు ఇవ్వాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. చాలాచోట్ల చెలమ నీళ్లే దిక్కు.

భూమిది మరో ముడి. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే ఆదివాసులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచే సాగులో ఉండాలి. వీరిలో అత్యధికులు ఆ తర్వాత వచ్చినవారే. అక్రమంగా వెళ్లగొట్టిన ఆదివాసులకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం కల్పించే నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉంది. దానికీ అదే గడువు. జుడుం ఊళ్లను ఎక్కువగా ఖాళీ చేయించిందేమో 2006లో.

పట్టా లేని పోడు ఘర్షణకే దారితీసింది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చేశారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడులో పోడు వివాదం ఫారెస్టు రేంజ్ అధికారి శ్రీనివాసరావు హత్యకు దారితీసింది. నేరం చేసినవారికి శిక్ష పడింది. కానీ అంతకుముందే, గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని స్థానిక పంచాయతీ తీర్మానించింది.

త్రిపుర చూపిన దారి
దేశంలో అంతర్గత నిర్వాసితులకంటూ ప్రత్యేక చట్టం లేదు. అయినా దారి లేకపోలేదు. మిజోరాం నుంచి 1997లో పారిపోయి త్రిపుర శిబిరాల్లో మగ్గిన బ్రూ తెగవారి కోసం 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 34 వేల మంది త్రిపురలోనే స్థిరపడేందుకు రూ.600 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. కుటుంబానికి 1,200 చదరపు అడుగుల స్థలం, ఇంటికి రూ.1.5 లక్షలు, రూ.4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు రూ.5,000, ఉచిత రేషన్, ఓటు హక్కు. స్థలం, ఇల్లు, జీవనాధారం, గుర్తింపు ఒకే మూటగా అందించడమే ఇందులోని కీలకం. విడివిడిగా ఇస్తే ఒకటి లేని కారణంగా మిగతావీ చేజారుతాయి. గోదావరి తీరంలో జరిగింది అదే.

బస్తర్‌లోనూ పరిస్థితి మారింది. మావోయిస్టు అగ్రనేత నంబాల కేశవరావు 2025 మేలో ఎదురుకాల్పుల్లో మరణించాక ఉద్యమం వేగంగా కుంచించుకుపోయింది. భద్రతా శిబిరాల చుట్టుపక్కల పల్లెలకు సదుపాయాలు అందించేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో 'నియద్ నెల్లానార్' పథకం తెచ్చింది. గోండిలో ఆ మాటకు 'మీ మంచి ఊరు' అని అర్థం. లొంగిపోయిన మావోయిస్టులు, హింసా బాధితుల కుటుంబాల కోసం కేంద్రం 15 వేల ఇళ్లు మంజూరు చేసింది. సరిహద్దు దాటిపోయినవారికి మాత్రం బ్రూ తరహా ఒప్పందమేదీ రాలేదు.

వారిని తిరిగి పంపేయడమే పరిష్కారమన్న వాదన వినడానికి సులువు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. తల్లిదండ్రుల ఊరు వారికి విన్న ఊరే. తిరిగి వెళ్లడమా, ఉన్నచోటే ఉండడమా, మరోచోట స్థిరపడడమా అన్నది నిర్వాసితుల స్వచ్ఛంద నిర్ణయంగా ఉండాలని 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. వెళ్లేవారికి సొంత ఊళ్లో భూమి, ఉండేవారికి ఇక్కడ గుర్తింపు దక్కాలంటే మూడు రాష్ట్రాలూ కేంద్రంతో కలిసి ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. అందాకా గొత్తికోయ గుడిసె మరో నోటీసు వచ్చేవరకే నిలుస్తుంది.