హెడ్‌లైటు వెనక ఓ ఉద్యోగం ఉంది!

రాత్రి పదిన్నర. తిరుపతిలో పని ముగించుకుని కారులో పీలేరు వైపు వెళ్తున్నారనుకోండి. రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఓ జీపు. బంపర్ మీద అడ్డంగా బిగించిన తెల్లటి ఎల్‌ఈడీ బార్. కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ రోడ్డు కనపడటానికి మూడు సెకన్లు పట్టిందనుకుందాం. మీ వేగం గంటకు 60 కిలోమీటర్లే అయినా సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతారు. అంటే 50 మీటర్లు గుడ్డిగా నడిపారన్నమాట. అదీ ఘాట్‌లో!

మర్నాడు పొద్దున ఏం చేస్తారు? నేరుగా యాక్సెసరీస్ షాపుకు పోయి ‘నాకూ అట్లాంటిదే ఒకటి వెయ్ నా’ అంటారు. చాలామంది చేసేది ఇదే. షాపువాడూ కాదనడు. అమ్మితే లాభం కదా!

ఆ కౌంటర్ వెనక నిలబడి ‘మీకు కావాల్సింది అది కాదు సార్, ముందు బండి చూద్దాం పట్టండి’ అనగలిగే మనిషి మన దగ్గర చాలా తక్కువ. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ ఏది చదువుతున్నా ఆ మనిషి మీరు కావచ్చు.

మన రోడ్లు.. మన రాత్రులు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రాత్రి ప్రయాణం సరదా కాదు, బతుకుతెరువు. మదనపల్లె టమాటా లారీలు రాత్రే కదలాలి. మామిడి సీజన్లో చిత్తూరు, బంగారుపాళ్యం రోడ్ల మీద తోతాపురి ట్రాక్టర్లు వెనక లైటు లేకుండానే పోతుంటాయి. తెల్లవారుజామున దర్శనానికి అందుకోవాలని టాక్సీలు రాత్రంతా తిరుగుతాయి.

2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరిన బస్సు ఇదే భాకరాపేట ఘాట్‌లో లోయలో పడి పలువురు చనిపోయారు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర భూతలబండ వద్ద రాత్రిపూట హైవే దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. వీటికి హెడ్‌లైట్లే కారణమని ఇక్కడ చెప్పడం లేదు. కానీ ఏనుగంత జంతువు కూడా చీకట్లో సమయానికి కనపడకపోవచ్చు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

తిరుమల ఘాట్ సంగతి వేరు. మొదటి రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి కాబట్టి ఎదురుగా వచ్చే లైటు బాధ లేదు. భాకరాపేటలో ఆ సౌకర్యం లేదు. అందుకే అక్కడ ఒకడి లైటు ఇంకొకడికి గండం.

ఎంత దూరం కనపడాలి?

ఇది ఇంటర్వ్యూలోనూ పనికొచ్చే లెక్క. డ్రైవరు ప్రమాదాన్ని చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో ఆ లోపే బండి 33 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 40 మీటర్ల పైచిలుకు. మొత్తం 75 మీటర్లు. మామూలు లో-బీమ్ పనికొచ్చేలా చూపించేది సుమారు 40 నుంచి 60 మీటర్లు. అంటే లో-బీమ్‌లో 80 మీద పోతున్నామంటే కనపడని రోడ్డు మీద పోతున్నట్టే. అదే 60 మీద అయితే సుమారు 49 మీటర్లలో ఆగుతుంది. లైటుకు, వేగానికి పొత్తు అక్కడ కుదురుతుంది.

మరి ఎక్కువ వెలుగు వేస్తే సరిపోతుంది కదా అంటారా? సరిపోదు. మన రైతుల భాషలో చెప్పుకుందాం. బోరు మొత్తం ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుందన్నది ల్యూమెన్. చెట్టు మొదట్లో ఎన్ని నీళ్లు పడుతున్నాయన్నది లక్స్. బోరు నాలుగించులు పోసినా కాలువ తెగి పక్క చేలోకి పోతే మీ చెట్టు ఎండిపోతుంది. బల్బు డబ్బా మీద రాసే అంకె ల్యూమెన్. రోడ్డు మీద మనకు కావాల్సింది లక్స్, అదీ సరైన చోట. ఈ తేడా తెలియకుండా బల్బులు అమ్మేవాళ్లే ఎక్కువ.

ఇంకో చిత్రం చూడండి. బండి ముందర పది మీటర్లలోపు వెలుగు మరీ ఎక్కువైతే కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు దూరంలో ఉన్నది ఇంకా తక్కువ కనపడుతుంది. డ్రైవరేమో ‘అబ్బ, ఏం లైటు!’ అనుకుంటాడు. అతను చూస్తున్నది దగ్గరి తారు మాత్రమే. దారిలో ఉన్న గేదె కాదు.

బల్బు మార్చే ముందు

కస్టమర్ లైటు చాలట్లేదు అని వచ్చినప్పుడు తెలిసినవాడు మొదట చూసేది హెడ్‌లైటు ముందున్న ప్లాస్టిక్ తొడుగు. ఇప్పుడొచ్చేవన్నీ పాలీకార్బొనేట్. మన ఎండకు నాలుగైదేళ్లకే పసుపెక్కి మసకబారుతుంది. దీన్ని 800, 1000, 2000, 3000 గ్రిట్ నీటి పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ కోటింగ్ వేయాలి. ఆ కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. యూట్యూబ్‌లో చూపించే టూత్‌పేస్ట్ చిట్కా కూడా అంతే, కొన్నాళ్ల ముచ్చట.

రెండోది వైరింగ్. చాలా కార్లలో కనిపించే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లు. ఫిలమెంటుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. ఎందుకంటే వెలుగు వోల్టేజీకి దాదాపు 3.4 ఘాతంలో మారుతుంది. 0.9ని 3.4 ఘాతానికి హెచ్చించి చూడండి, 0.7 వస్తుంది. పాత బండిలో స్విచ్చు కాంటాక్టులు, సన్నటి వైరు, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు కలిసి ఒక వోల్టు మింగేయడం మామూలే. ఇలాంటి బండికి కొత్త బల్బు వేసినా దండగే.

దీనికి మందు రిలే. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి వైరును రిలే 30 నంబరు పిన్నుకు, 87 నుంచి బల్బుకు ఇస్తారు. పాత స్విచ్చు వైరు 85, 86 మధ్యనున్న కాయిల్‌ను మాత్రమే నడిపిస్తుంది. అసలు కరెంటు స్విచ్చు గుండా పోదు. రెండు 60 వాట్ల ఫిలమెంట్లకు 120 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. ఫ్యూజు 15 ఆంపియర్లు వేస్తే సరి. ఈ నాలుగు పిన్ను నంబర్లు నోటికి రాకపోతే ఆటో ఎలక్ట్రికల్ ఇంటర్వ్యూకు పోకండి. కొత్త కార్లలో మాత్రం లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ నడుపుతుంది. అందులో వైర్లు కోసి రిలే పెడితే ఎర్రర్ కోడ్‌లు వస్తాయి, వారంటీకీ ఎసరు. ఏ బండికి ఏది చేయకూడదో తెలియడమూ పనితనమే.

100/90 వాట్ల బల్బులు వేసే అలవాటు ఇప్పటికీ ఉంది. రెండు బల్బులకు 200 వాట్లు, దాదాపు 17 ఆంపియర్లు. కంపెనీ వైరింగ్ అంత కరెంటుకు వేసింది కాదు. హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మాడుతుంది.

ఇక హాలోజన్ హెడ్‌లైట్లో ఎల్‌ఈడీ బల్బు. ఇది ఎక్కువ అమ్ముడుపోయే సరుకు, ఎక్కువ గొడవ చేసేదీ ఇదే. రిఫ్లెక్టర్ గిన్నెను కంపెనీ ఇంజినీరు ఫిలమెంటు సరిగ్గా ఫలానా మిల్లీమీటరు దగ్గర ఉంటుందని లెక్కకట్టి చెక్కాడు. ఎల్‌ఈడీ చిప్పు ఆ సైజులో, ఆ చోట ఉండదు. దాంతో వెలుగు పైకి, పక్కకు చెల్లాచెదురవుతుంది. ఎదురొచ్చేవాడి కళ్లలో పడేది అదే. మొదటి నుంచీ ఎల్‌ఈడీ కోసమే తయారైన హెడ్‌లైట్లకు ఈ జబ్బు లేదు. నన్నడిగితే పాత బండికి కంపెనీ రేటింగులోనే మంచి హాలోజన్ బల్బు, శుభ్రమైన లెన్సు, గట్టి ఎర్త్ చాలు. బల్బు గాజును వేళ్లతో మాత్రం ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది.

అన్నింటికన్నా చవకైనది, ఎవరూ చేయనిది బీమ్ సరిచేయడం. టైర్లలో గాలి చూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండిని ఆపండి. లైటు మధ్య భాగం ఎత్తును గోడ మీద గీయండి. చాలా కార్లకు లో-బీమ్ వెలుగు అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్ల కింద పడాలి. ఒక శాతం వాలు అంటే ఇదే. మీ బండికి ఎంతో హెడ్‌లైటు డబ్బా మీదే రాసి ఉంటుంది, అదే పాటించండి. మనం ఎడమవైపు నడిపేవాళ్లం కాబట్టి అంచు ఎడమకు కొంచెం పైకి లేస్తుంది. కుడివైపు నడిపే దేశాల నుంచి వచ్చిన లైటు కొన్నారో, ఆ పైకి లేచేది నేరుగా ఎదుటివాడి ముఖాన పడుతుంది.

ఐదుగురు, వెనక డిక్కీ నిండా సామాన్లతో తిరుమలకు బయల్దేరిన కారు వెనక కుంగి లైట్లు ఆకాశం చూస్తాయి. స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటుంది. లోడు ఎక్కినప్పుడు అది తిప్పాలి. దాని పనేమిటో టాక్సీ డ్రైవర్లను అడిగి చూడండి, ఎంతమంది చెబుతారో!

అదనపు లైట్లు వేసుకోవచ్చా?

అదనపు లైట్లన్నీ ఒకటి కాదు. ఫాగ్ ల్యాంపు కిందగా ఉండి, దగ్గర్లో వెడల్పుగా పరుచుకుంటుంది. మలుపుల ఘాట్‌లో పనికొచ్చేది ఇదే. ఎందుకంటే హెయిర్‌పిన్ దగ్గర హెడ్‌లైటు ఎంత పెద్దదైనా లోయలోకే చూస్తుంది, రోడ్డేమో పక్కకు తిరిగి ఉంటుంది. డ్రైవింగ్ ల్యాంపు హై-బీమ్‌కు తోడు, ఎదురుగా ఎవరూ లేనప్పుడే వాడాలి. హై-బీమ్ ఆపగానే అదీ ఆరిపోయేలా వైరింగ్ చేయాలి. విడిగా స్విచ్చు పెట్టి వదిలేసే మెకానిక్కును నమ్మకండి.

చట్టం కూడా తెలియాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వ నియమం లైటు ఎదుటివారి కళ్లకు కొట్టకుండా కిందికి వాలి ఉండాలంటుంది. అనుమతి లేకుండా ముందు భాగాన స్పాట్‌లైటు, సెర్చ్‌లైటు పెట్టకూడదని 111వ నియమం. మోటారు వాహనాల చట్టంలో 2019లో సవరించిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతించని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కస్టమర్‌కు ఈ మాట ముందే చెప్పండి. కొందరు వెళ్లిపోతారు. పోనివ్వండి.

కొలువులు ఎక్కడ?

పది పాసైనవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు. పాలిసెట్ రాసి డిప్లొమాలో ఆటోమొబైల్, ఎలక్ట్రికల్, ఈసీఈ తీసుకున్నవాళ్లకూ ఈ దారి తెరిచే ఉంటుంది. చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని దగ్గర్లోని కంపెనీలను వెతకండి.

దగ్గర్లో ఏమున్నాయంటారా? 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల సంస్థ తిరుపతి పక్కన కరకంబాడిలో ఉంది. దాని నైపుణ్య శిక్షణ కేంద్రం పేటమిట్టలో నడుస్తోంది. శ్రీసిటీలో ఇసుజు కార్ల ప్లాంటు 2016 ఏప్రిల్‌లో మొదలైంది. సత్యవేడు దగ్గర హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ నడిచినంతసేపూ లైటు వెలగాల్సిందే. కాబట్టి బైకుల లైనులోనూ లైటింగ్ పరీక్ష తప్పనిసరి పనే.

బీటెక్ వాళ్లు చెన్నై వైపు చూడండి. హెడ్‌లైట్లు తయారుచేసే ఇండియా జపాన్ లైటింగ్ అక్కడి శివార్లలోనే ఉంది. ఒరగడంలో వాహన పరీక్షల కేంద్రం జీఏఆర్‌సీ ఉంది. ఆప్టిక్స్, ఎల్‌ఈడీ డ్రైవర్ సర్క్యూట్లు, వేడిని బయటికి పంపే డిజైను, టెస్టింగ్.. ఇవన్నీ వేర్వేరు ఉద్యోగాలు. క్యాటియాతో పాటు స్పియోస్, లూసిడ్‌షేప్ వంటి సాఫ్ట్‌వేర్ పేర్లు తెలిసుండాలి. లైట్ల అమరికకు మన ప్రమాణం ఏఐఎస్-008. దాన్ని ఒకసారి చదివి వెళ్తే ఇంటర్వ్యూలో పది మందిలో మీరు వేరుగా కనపడతారు.

సొంతంగా షెడ్డు పెట్టాలనుకుంటే మొదటి రోజే ఎల్‌ఈడీ బార్‌ల స్టాకు కొనకండి. మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, మంచి క్రింపింగ్ టూలు, రిలేలు, లెన్సు పాలిష్ సామాను, పది మీటర్ల చదును నేల, ఓ తెల్ల గోడ చాలు. ముద్రా పథకంలో ‘శిశు’ కింద రూ.50 వేల దాకా రుణం వస్తుంది. అయితే ముందు ఏదైనా ఆటోనగర్ షెడ్డులో ఏడాది చేతులు నల్లబరుచుకోండి. ఆ ఏడాది జీతం తక్కువే. ఇంట్లో ‘ఇంజినీరింగ్ చదివి షెడ్డేంది’ అంటారు కూడా.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్ల కారో, పక్కింటి అన్న కారో తీసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి లో-బీమ్ వేయండి. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు హోల్డర్ ప్లస్ మీద ఆనించండి. వచ్చిన అంకె దారిలో పోగొట్టుకున్న వోల్టేజీ. తర్వాత బ్యాటరీ మైనస్‌కూ, బల్బు ఎర్త్‌కూ మధ్య అట్లాగే కొలవండి. రెండూ తేదీ, బండి మోడల్‌తో సహా ఓ నోటుపుస్తకంలో రాయండి. ఇట్లా ఇరవై బండ్ల లెక్కలున్న పుస్తకం ఇంటర్వ్యూకు పట్టుకుపోతే సర్టిఫికెట్ల ఫైలు కన్నా ముందు దాన్నే తెరిచి చూస్తారు. ఎర్త్ వైపు అర వోల్టు దాటిందా? బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించి మళ్లీ కొలవండి. ఎంత తగ్గిందో అది కూడా పక్కనే రాయండి.